ఆర్కే బీచ్ సూర్యోదయం, పొర కమ్మిన ఫొటోలు: ఒక లెన్స్ ఫ్లేర్ కేసు

జనవరిలో పొద్దున్నే విశాఖ ఆర్కే బీచ్‌లో తీసిన ప్రీ వెడ్డింగ్ ఫొటోల సెట్టు ఇది. తీసింది నగరంలోని ఒక స్టూడియో. ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరా బాడీ, 24 నుంచి 70 మి.మీ. వరకు జూమ్ అయ్యే ఎఫ్/2.8 లెన్స్, దాని ముందు రక్షణగా బిగించిన గాజు పలక, అంటే 82 మి.మీ. యూవీ ఫిల్టర్. కల్యాణ మండపంలో ఇదే లెన్స్ చక్కగా పనిచేస్తోంది. సముద్రం వైపు తిప్పేసరికి అబ్బాయి నల్ల కోటు మట్టి రంగుకి దిగిపోతోంది, అమ్మాయి జుట్టు బూడిదలా తేలుతోంది, కొన్నిటిలో బుగ్గ మీద ఆకుపచ్చ బుడగ. లెన్స్ పాడైందనీ, అమ్మేసి కొత్తది కొనాలనీ స్టూడియో వాళ్లు దాదాపు నిర్ణయానికి వచ్చేశారు.

లెన్స్‌లో లోపం లేదు. దాని ముందున్న గాజు, ఆ గాజు మీద పేరుకున్నది, షూట్ పెట్టుకున్న సమయం, ఈ మూడూ కలిసి చేసిన పని అది. ఆ సంగతి ఏ క్రమంలో తేలిందో వివరంగా రాస్తున్నాం, ఎందుకంటే విశాఖలో సూర్యుడు నేరుగా సముద్రం మీదే లేస్తాడు. రుషికొండ అయినా భీమిలి అయినా, పొద్దుటి షూట్ ఒప్పుకున్న ప్రతి ఫొటోగ్రాఫర్‌కీ ఈ ఎదురెండ తప్పదు.

ముందు ఫొటోలను వేరుచేయడం

ఎదురెండ లెన్స్‌లో చెదిరి ఫొటోని పాడుచేస్తే అందరూ ఫ్లేర్ అనే ఒక్క మాటే వాడతారు గానీ, ఈ సెట్టులో ఉన్నవి మూడు వేర్వేరు సమస్యలు. దేన్ని పోగొట్టాలో తెలియకుండా హుడ్ (లెన్స్ ముందు బిగించే నీడ గొడుగు) కొనడం, ఫిల్టర్ మార్చడం వల్ల డబ్బు వృథా.

ఎక్కువ ఫొటోల్లో ఉన్నది పొర. బుడగలు లేవు, మచ్చలు లేవు, ఫ్రేమ్ మొత్తం పల్చటి నారింజ పొగ కమ్మినట్టు ఉంది. హిస్టోగ్రామ్ (నలుపు నుంచి తెలుపు దాకా ఏ వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) చూస్తే ఎడమ గోడకి, గ్రాఫ్ మొదలయ్యే చోటికి మధ్య ఖాళీ. అంటే ఫొటోలో నిజమైన నలుపు ఎక్కడా లేదు. ఫొటోలు సరిదిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో కోటు మీద పాయింటర్ పెడితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెల్లో ఎరుపు బాగా పైన, నీలం కింద. ఇదొక ముఖ్యమైన ఆనవాలు. ఎక్స్‌పోజర్ ఎక్కువై ఉంటే ముఖాలూ ఆకాశమూ కూడా తెల్లబారేవి. ఇక్కడ మాత్రం అన్నిటికీ అడుగున సూర్యుడి రంగే కాస్త కాస్త కలిసింది.

రెండో రకం బుడగల వరస, ఘోస్టులు. సూర్యుడి నుంచి ఫ్రేమ్ నడిమి బిందువు మీదుగా గీత గీస్తే అవన్నీ ఆ గీత మీదే దొరుకుతాయి. లెన్స్ లోపలి రంధ్రం, అంటే అపర్చర్, చిన్నది చేసి ఎఫ్/8లో తీసినవాటిలో బుడగలకి స్పష్టమైన అంచులు, కోణాలు ఉన్నాయి. అది అపర్చర్ రెక్కల ఆకారమే. పూర్తిగా తెరిచిన ఎఫ్/2.8లో అవే గుండ్రంగా, పెద్దగా, పలచగా ఉన్నాయి.

మూడోది బీచ్‌లో తీసింది కాదు. అదే కిట్‌తో రాత్రి కైలాసగిరి కొండ మీద నుంచి బీచ్ రోడ్డు దీపాలు తీశారు. పైనున్న నల్లటి ఆకాశంలో చిన్న చిన్న పచ్చ చుక్కలు. సెన్సర్ పిక్సెళ్లు చచ్చిపోయాయేమో అని స్టూడియో వాళ్ల భయం.

గాజు చేసే పని

కోటింగ్ లేని గాజు, గాలితో కలిసే ప్రతి ముఖం దగ్గరా, తన మీద పడిన వెలుగులో సుమారు 4 శాతం వెనక్కి కొడుతుంది. ఈ జూమ్‌లో 13 గ్రూపులున్నాయి (విడిగా గానీ, ఒకదానికొకటి అతికించి గానీ పెట్టిన గాజులు), కాబట్టి అలాంటి ముఖాలు 26. కోటింగే లేకపోతే 0.96ని 26 సార్లు గుణించుకోవాలి. లోపలికి వెళ్లిన వెలుగులో 35 శాతం కూడా సెన్సర్‌కి చేరదు. మిగతాదంతా ఎక్కడో ఒకచోట అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. 1935లో జైస్‌లో అలెగ్జాండర్ స్మకుల యాంటీ రిఫ్లెక్షన్ కోటింగ్‌కి పేటెంట్ తీసుకున్నాకే ఇన్ని గాజులతో జూములు కట్టడం సాధ్యమైంది. మామూలు సింగిల్ కోటింగ్ అంటే మెగ్నీషియం ఫ్లోరైడ్ పొర, మందం సుమారు 100 నానోమీటర్లు. ఆ పొరలో ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యానికి అది నాలుగో వంతు. పొర పై ముఖం నుంచీ కింది ముఖం నుంచీ వెనక్కి వచ్చే కిరణాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పొరల మీద పొరలు వేసిన మల్టీ కోటింగ్‌లో ప్రతిఫలనం అర శాతం లోపుకి దిగుతుంది. అన్ని రంగులనూ సమానంగా ఆపడం ఏ కోటింగ్‌కీ చేతకాదు. అందుకే ఘోస్టులు పచ్చగానో ఊదాగానో కనిపిస్తాయి.

ఘోస్ట్ పుట్టాలంటే వెలుగు రెండుసార్లు తిరగాలి: వెనక ముఖం నుంచి ముందుకి, ముందు ముఖం నుంచి మళ్లీ సెన్సర్ వైపు. 26 ముఖాల్లో ఇలాంటి జతలు 325. ఒక్కో ముఖం అర శాతం తిప్పినా, రెండు తిరుగుళ్లకి మిగిలేది 0.0025 శాతం. అంత తక్కువైతే కనబడకూడదు కదా అనిపిస్తుంది. కానీ నీడలో ఉన్న ముఖం కంటే సూర్యబింబం, అది కాస్త పైకొచ్చేసరికి, లక్ష రెట్ల స్థాయిలో వెలుగుతుంది. లక్షలో 0.0025 శాతం అంటే రెండున్నర. ముఖం మీది వెలుగు కంటే బుడగే ప్రకాశంగా కనిపించడానికి అది చాలు.

ఫిల్టర్ పెడితే 26 ముఖాలు 28 అవుతాయి, జతలు 378కి పెరుగుతాయి. అసలు ప్రమాదం ఈ అంకెలో లేదు. లెన్స్‌లోని గాజులు వంపు తిరిగినవి, కాబట్టి దారితప్పిన వెలుగు చాలావరకు చెదిరిపోతుంది. ఫిల్టర్ బల్లపరుపు. సెన్సర్ కూడా బల్లపరుపే. రెండూ ఎదురెదురుగా నిలబడితే వెలుగు చెదరకుండానే తిరిగి వస్తుంది.

టేబుల్ మీద పరీక్ష

బీచ్‌కి వెళ్లే ముందు ఇంట్లో చేయాల్సిన పరీక్ష ఇది. ఏ లెన్స్‌కైనా చేసుకోవచ్చు. చీకటి గదిలో గోడకి నల్ల వెల్వెట్ గుడ్డ. కెమెరా ట్రైపాడ్ మీద, గుడ్డకి 2 మీటర్ల దూరంలో. ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ అన్నీ మాన్యువల్. ఫోన్ టార్చ్‌ని లెన్స్‌కి ఒక మీటరు దూరంలో, ఫ్రేమ్ పై అంచుకి కాస్త బయట, నేరుగా గాజు మీదకి తిప్పి స్టాండుకి బిగించాలి. ఇక ఒక్కోసారి ఒక్కటే మార్చుతూ ఫ్రేమ్ తీయాలి: ఉన్నదున్నట్టు, ఫిల్టర్ తీసి, ముందు గాజు తుడిచి, హుడ్ పెట్టి, చివరికి అట్ట అడ్డం పెట్టి. అన్నిటిలోనూ గుడ్డ నలుపు ఎంత పైకి లేచిందో ఒకేచోట చూడాలి. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు, పరీక్ష చెడిపోతుంది.

ఈ కేసులో అన్నిటికంటే పెద్ద మార్పు ఫిల్టర్ తీయగానే కనిపించింది. గుడ్డ మీది బూడిద పొరలో దాదాపు సగం అక్కడే పోయింది. ఆ ఫిల్టర్‌ని ట్యూబ్‌లైట్ కింద కాస్త వంచి చూశాం. మంచి మల్టీ కోటెడ్ ఫిల్టర్‌లో ట్యూబ్ ప్రతిబింబం మసగ్గా, ముదురు ఆకుపచ్చగానో ఊదాగానో ఉంటుంది. దీంట్లో ట్యూబ్ తెల్లగా, కిటికీ అద్దంలో కనిపించినట్టే కనిపించింది. అంటే కోటింగ్ లేదు. పైన ఏం రాసి ఉన్నా ట్యూబ్‌లైట్ చెప్పేదే నమ్మాలి.

టార్చ్‌ని పక్కనుంచి ఏటవాలుగా కొట్టి చూస్తే రెండో సంగతి బయటపడింది. ఫిల్టర్ మీద అంచుల చుట్టూ చిన్న చిన్న తెల్లటి చుక్కలు, నడిమిన వేలు జిడ్డుని గుడ్డతో రుద్దిన గీతలు, ఆ గీతల మీద ఇంద్రధనుస్సు మెరుపు. తెల్ల చుక్కలు ఉప్పు. అల విరిగినప్పుడు లేచే తుంపర గాలిలో తేలి గాజు మీద వాలుతుంది, నీరు ఆరిపోయి ఉప్పు మిగులుతుంది. మామూలు వెలుతురులో కళ్లకి శుభ్రంగానే ఉంటుంది. రాత్రి ఎదురుగా లారీ హెడ్‌లైట్లు పడినప్పుడు బస్సు అద్దం మీది దుమ్ము ఒక్కసారిగా తెల్లబారినట్టు, ఎదురెండ పడితేనే ఈ జిడ్డు బయటపడుతుంది. ఒక్కో ఉప్పు రవ్వ సూర్యకాంతిని అన్ని వైపులా చల్లుతుంది. అదే పొర. కోటింగ్ ఎంత ఖరీదైనదైనా దాని మీద జిడ్డు ఉంటే ఏం చేయలేదు.

లెన్స్ లోపల కూడా చూశాం. అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చ్ వేసి, ముందు నుంచి కొంచెం వంపుగా చూడాలి. దారాల్లా, సాలెగూడులా కొమ్మలు చాచిన మచ్చ కనిపిస్తే అది ఫంగస్, పొరకి పెద్ద కారణం. విశాఖ తేమలో బ్యాగులో మూసిపెట్టిన లెన్సులకి ఇది త్వరగా వస్తుంది, కోటింగ్‌ని తినేస్తుంది కూడా. ఈ లెన్స్‌లో కొన్ని దుమ్ము రవ్వలే ఉన్నాయి. నాలుగైదు రవ్వల వల్ల ఫ్లేర్ పెరగదు, వాటి కోసం లెన్స్ విప్పించడం అనవసరం.

హుడ్ ఎందుకు చాలలేదు

హుడ్ ఉంది, కానీ తిరగేసి బిగించి ఉంది. అలా ఉన్న హుడ్ లెన్స్‌కి బరువు తప్ప నీడ ఇవ్వదు. సరిగ్గా పెట్టినా 70 దగ్గర సగమే పనిచేసింది. కారణం లెక్కలోనే ఉంది. 24 మి.మీ. దగ్గర ఫ్రేమ్ మూల, లెన్స్ నడిమి గీతకి 42 డిగ్రీల దూరంలో ఉంటుంది. హుడ్ ఆ మూల కోసుకుపోకుండా ఉండేంత వరకే పొడుగుంటుంది. 70కి జూమ్ చేస్తే ఫ్రేమ్ మూల 17 డిగ్రీలకి వచ్చేస్తుంది. 17కీ 42కీ మధ్య ఎక్కడ సూర్యుడున్నా ఫొటోలో కనపడడు, హుడ్ ఆపదు, గాజు మీద మాత్రం నేరుగా పడతాడు.

స్టూడియో ఫొటోల సమయాలు చూస్తే ఇదే తేలింది. జనవరిలో విశాఖలో సూర్యోదయం సుమారు 6:30కి. ఆ తర్వాత సూర్యుడు గంటకి దాదాపు 13 డిగ్రీల చొప్పున పైకి వస్తాడు. అడ్డంగా పట్టిన కెమెరాలో 70 దగ్గర ఫ్రేమ్ ఎత్తు సుమారు 19 డిగ్రీలు. క్షితిజ రేఖ నడిమిన ఉంటే, 7:15 ప్రాంతంలో సూర్యుడు పై అంచు దాటి బయటకి పోతాడు. పొర ఎక్కువగా కమ్మిన ఫొటోలన్నీ 7:15కీ 8 గంటలకీ మధ్యవే. ఫ్రేమ్‌లో సూర్యుడు లేడు కాబట్టి ఫ్లేర్ రాదని ఫొటోగ్రాఫర్ అనుకునే సమయం, ఫ్లేర్‌కి అనువైన సమయం ఒక్కటే.

దీనికి మందు ఒక అట్ట. నల్ల సన్‌బోర్డు ముక్క, 30 సెం.మీ. వెడల్పు, 40 సెం.మీ. పొడవు, ఒక అసిస్టెంట్ చేతిలో. ఎక్కడ పట్టుకోవాలో ఫొటోగ్రాఫర్ చెప్పడు. అసిస్టెంటే లెన్స్ ముందు గాజుని చూస్తూ దాని మీది ఎండ మచ్చ పూర్తిగా నీడలోకి వెళ్లేవరకు అట్టని దించుతాడు. ఫ్రేమ్‌లో అట్ట అంచు కనిపిస్తేనే ఫొటోగ్రాఫర్ నోరు తెరవాలి.

ఎంత దూరంలో పట్టుకోవాలన్నది తేలిగ్గా తీసుకోకూడదు. సూర్యుడు ఫ్రేమ్ అంచుకి 5 డిగ్రీల దూరంలోనే ఉంటే, 82 మి.మీ. గాజు మొత్తానికీ నీడ పడుతూ, ఫ్రేమ్‌లోకి రాకుండా ఉండాలంటే, 70 దగ్గర ఎఫ్/2.8లో అట్ట సుమారు 60 సెం.మీ. ముందుండాలి. 10 డిగ్రీలు దూరముంటే 30 సెం.మీ. చాలు, 15 డిగ్రీలైతే 20లోపే. చాలామంది అరచేతిని హుడ్‌కి ఆనించి పట్టుకుంటారు. అక్కడ పట్టుకుంటే పైసగం గాజుకి మాత్రమే నీడ, కిందిసగం ఎండలోనే ఉంటుంది, పొర సగం తగ్గి ఆగిపోతుంది. ఇంకాస్త దించితే వేళ్లు ఫ్రేమ్‌లోకి వస్తాయి. అప్పుడు అట్ట పనికిరాలేదని పక్కన పడేస్తారు. అట్టది తప్పు కాదు, దూరం చాలలేదు.

సూర్యుడు ఫ్రేమ్‌లోనే ఉన్నప్పుడు

ఇక్కడ హుడ్, అట్ట రెండూ పనికిరావు. మనుషుల్నే అడ్డం పెట్టుకోవాలి. ఇసుక మీద అబ్బాయి తల నీడ ఎటు పోతోందో చూసి, ఆ నీడ దారిలోకి లెన్స్‌ని తీసుకురావాలి. సూర్యుడు 10 డిగ్రీల ఎత్తులో ఉండి, కెమెరా ఇసుకకి ఒక మీటరు ఎత్తులో ఉంటే, మామూలు ఎత్తు మనిషి తల నీడ సుమారు 3 మీటర్ల దూరంలో లెన్స్ మీద పడుతుంది. మోకాళ్ల మీద కూర్చుని 50-70 మధ్య తీయడానికి అది సరైన దూరం. సూర్యుడు సరిగ్గా తల వెనక దాగితే జుట్టు చుట్టూ బంగారు అంచు మిగులుతుంది, ముఖం మీది కాంట్రాస్ట్ తిరిగొస్తుంది. కెమెరా నాలుగు వేళ్ల మేర పక్కకి జరిగినా బింబం బయటపడి పొర వచ్చేస్తుంది, అందుకే వరసగా నాలుగైదు ఫ్రేములు తీయాలి. ఆప్టికల్ వ్యూఫైండర్ (లెన్స్‌లోంచి వచ్చే వెలుగుని నేరుగా కంటికి చూపే కిటికీ) ఉన్న కెమెరాలో, ముఖ్యంగా టెలీ లెన్స్‌తో, సూర్యుడిని కన్ను పెట్టి చూడొద్దు. స్క్రీన్ మీద చూసుకోవాలి.

బింబం కనిపించి తీరాలి అంటే ఘోస్టుల గీత గుర్తుంచుకోవాలి: సూర్యుడి నుంచి ఫ్రేమ్ నడిమి మీదుగా ఎదుటి మూలకి. ముఖాలు ఆ గీత మీద లేకుండా నిలబెట్టాలి. ఈ సెట్టులో బుగ్గ మీద బుడగ పడిన ప్రతిదాంట్లోనూ జంట కరెక్ట్‌గా ఆ గీత మీదే ఉన్నారు. సూర్యుడు ఎడమ పైమూలలో ఉంటే జంటని కుడి పైభాగంలోకి జరిపితే చాలు, బుడగలు ఇసుక మీదకి పోతాయి. అక్కడ చెరపడం సులువు.

ఎఫ్/16కి దించితే సూర్యుడి చుట్టూ నక్షత్రం వస్తుందని చాలామంది దించేస్తారు. నక్షత్రం నిజమే. 9 రెక్కల అపర్చర్‌కి 18 కిరణాలు, 8 రెక్కలకి 8. దాంతోపాటు ఘోస్టులు చిన్నవై అంచులు పదునెక్కుతాయి, మిర్రర్‌లెస్ బాడీల్లో సూర్యుడి చుట్టూ ఎర్రటి చుక్కల వల కూడా రావచ్చు. అది సెన్సర్ మీది మైక్రోలెన్సుల వరసల నుంచి వెలుగు తిరిగి వెనక గాజుకి తగిలి వచ్చేది. ఎఫ్/8 దాటకపోతే చాలావరకు బాధ ఉండదు.

ప్రకృతి దృశ్యాలకి ఇంకో మార్గం ఉంది, జంటలకి కూడా రెండు క్షణాలు కదలకుండా నిలబడగలిగితే పనిచేస్తుంది. ట్రైపాడ్ మీద ఒక ఫ్రేమ్ మామూలుగా, వెంటనే ఇంకోటి చెయ్యి చాచి వేలితో సూర్యబింబాన్ని కప్పి. రెండో ఫ్రేమ్‌లో బుడగలు, పొర రెండూ ఉండవు, వేలు ఉంటుంది. ఫొటోషాప్‌లో రెండో ఫ్రేమ్‌ని పైన పెట్టి, వేలు ఉన్న చోట మాత్రం మాస్క్‌తో చెరిపేస్తే కింది ఫ్రేమ్‌లోని సూర్యుడు కనిపిస్తాడు. మాస్క్ అంచు మెత్తగా, వెడల్పుగా ఉండాలి. లేకపోతే సూర్యుడి చుట్టూ కాంతి కోసేసినట్టు కనిపిస్తుంది.

దిక్కు ఎంచుకోవడం ఇవన్నిటికంటే చవక. విశాఖలో సూర్యుడు డిసెంబర్ చివర్లో ఉత్తరం నుంచి 115 డిగ్రీల దగ్గర, జూన్‌లో 65 డిగ్రీల దగ్గర లేస్తాడు. ఆర్కే బీచ్ నుంచి కైలాసగిరి ఈశాన్యానికి ఇంకా ఉత్తరంగా ఉంటుంది. కాబట్టి చలికాలంలో కైలాసగిరిని నేపథ్యంగా పెట్టుకుంటే ఎండ దాదాపు పూర్తిగా కుడిపక్క నుంచి పడుతుంది, హుడ్ ఒక్కటే సరిపోతుంది. అదే ఫ్రేమ్ జూన్‌లో, 24 దగ్గర, సూర్యుడిని కుడి అంచు పక్కకి తెచ్చి కూర్చోబెడుతుంది.

రాత్రి చుక్కలు

ఈ ముడి విప్పడానికి నిమిషం పట్టదు. ఫొటోని రెండు కాపీలు చేసి, పైదాన్ని 180 డిగ్రీలు తిప్పి, ఓపాసిటీ సగానికి తగ్గించాలి. పచ్చ చుక్కలన్నీ సరిగ్గా బీచ్ రోడ్డు దీపాల మీద కూర్చున్నాయి. వీధి దీపాలు తలకిందులై ఆకాశంలో తేలాయన్నమాట. సెన్సర్ మీద పడ్డ దీపం తిరిగి లెన్స్‌లోంచి ముందుకి పోయి, బల్లపరుపు ఫిల్టర్‌కి తగిలి, నడిమి బిందువుకి అటుపక్క మళ్లీ సెన్సర్ మీద ఫోకస్ అయింది. పిక్సెల్ చచ్చిపోతే అది ప్రతి ఫొటోలోనూ ఒకేచోట ఉంటుంది. ఇవి కెమెరా కదిలితే కదులుతాయి. ఫిల్టర్ తీసి తీసినదాంట్లో ఒక్క చుక్కా లేదు. రాత్రి దీపాలకి ఫిల్టర్ పెట్టకూడదు, ఎంత మంచిదైనా సరే.

పాత ఫొటోలను కాపాడటం

పొర అంటే ఫొటోకి అదనంగా కలిసిన వెలుగు, కాబట్టి తీసేయవచ్చు, రా ఫైలు (కెమెరా మార్చకుండా దాచిన అసలు డేటా) ఉంటే. పొగమంచు తగ్గించే డీహేజ్ స్లైడర్ మీద మొదటే పడకూడదు. అది చర్మం రంగుని ముదురుగా, మురికిగా చేస్తుంది. ముందు కర్వ్స్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేరువేరుగా తెరిచి, కింది ఎడమ బిందువుని కుడికి జరపాలి. సూర్యుడి పొర నారింజ కాబట్టి ఎరుపు ఎక్కువ, ఆకుపచ్చ మధ్యస్థం, నీలం కొంచెం. కోటు మీద మూడు అంకెలూ దగ్గరకి వచ్చేవరకు. ఆపైన సూర్యుడి వైపు నుంచి లీనియర్ గ్రేడియంట్ వేసి బ్లాక్స్ ఇంకొంత దించాలి, ఎందుకంటే పొర అటువైపు దట్టంగా ఉంటుంది. డీహేజ్ చివర్లో, 10-15 దాటకుండా. నీడల్లో నాయిస్ పెరుగుతుంది. పొర కింద ఉన్న జుట్టు వివరం కొంత పోయినట్టే. జేపెగ్ మాత్రమే మిగిలిన ఫొటోల్లో ఇలా లాగితే ఆకాశంలో చారలు వచ్చాయి. కంటి మీద ఘోస్ట్ పడినవాటిని పక్కన పెట్టేయమని చెప్పాం.

ఉప్పు తుడవడం

పొడి గుడ్డతో రుద్దకూడదు. ఉప్పు రవ్వలు, వాటితో ఉన్న ఇసుక, కోటింగ్ మీద గీతలు పెడతాయి. లెన్స్‌ని కిందికి వంచి బ్లోయర్‌తో ఊదాలి, నోటితో కాదు. మైక్రోఫైబర్ గుడ్డ అంచుని డిస్టిల్డ్ వాటర్‌తో కొద్దిగా తడిపి, గాజు మీద ఆనించి ఉప్పు కరగనివ్వాలి, తర్వాత నొక్కకుండా తీసేయాలి. లెన్స్ క్లీనర్ రెండు చుక్కలు గుడ్డ మీదే వేసి, నడిమి నుంచి అంచుకి గుండ్రంగా తిప్పాలి. ద్రవం నేరుగా గాజు మీద పోస్తే అంచుల్లోంచి లోపలికి దిగుతుంది. బీచ్ షూట్‌లో అరగంటకొకసారి టార్చ్ ఏటవాలుగా వేసి చూసుకోవాలి. ఏసీ గదిలోంచి నేరుగా బీచ్‌కి తెస్తే గాజు మీద నీరు పడుతుంది. బ్యాగ్ జిప్పు తీయకుండా అరగంట బయట ఉంచితే చాలు. ఇంటి దగ్గర డ్రై క్యాబినెట్‌లో తేమ 40-50 శాతం మధ్య ఉండాలి.

మళ్లీ అదే చోట

ఫిల్టర్ లేకుండా, శుభ్రమైన గాజుతో, హుడ్ సరిగ్గా బిగించి, అట్టతో, ఆర్కే బీచ్‌లో 7:15 తర్వాత అదే జూమ్‌తో తీసిన ఫొటోల్లో కోటు నల్లగా ఉంది, హిస్టోగ్రామ్ ఎడమ గోడని తాకింది. స్టూడియో లెన్స్ అమ్మలేదు. తుంపర ఎగిరే రాళ్ల దగ్గర తీసేటప్పటి కోసం ఒక మల్టీ కోటెడ్ ఫిల్టర్ కొన్నారు, ట్యూబ్‌లైట్ కింద చూసి. పోనిది ఒక్కటే: 24 దగ్గర సూర్యుడు పైమూలలో ఉంటే ఎదుటి మూల దగ్గర ఒక పచ్చ బుడగ ఉండిపోతోంది. అది ఆ లెన్స్ డిజైన్‌లోనే ఉంది, తుడిస్తే పోదు. 28కి జూమ్ చేసి సూర్యుడిని మూల నుంచి కాస్త లోపలికి తెస్తే అది అలల నురగ మీదకి వెళుతోంది. అక్కడ క్లోన్ బ్రష్‌తో తీసేస్తున్నారు.